మూడు సినిమాల్లో బ్రూస్ వేన్: బావిలో పడ్డ పిల్లాడు పైకెలా వచ్చాడు

తమ్ముడూ, నువ్వు 'అన్నా' అని రాశావు కాబట్టి నేనూ తమ్ముడనే పిలుస్తాను. అనంతపురం నుంచి నువ్వు అడిగింది ఇది. క్రిస్టఫర్ నోలన్ తీసిన మూడు బ్యాట్‌మాన్ సినిమాల్లో హీరో బ్రూస్ వేన్ (గబ్బిలం ముసుగు వేసుకుని బ్యాట్‌మాన్‌గా నేరస్థులతో పోరాడేవాడు) మొదటి దాంట్లో ఎదుగుతాడు, రెండో దాంట్లో అన్నీ పోగొట్టుకుంటాడు, మూడో దాంట్లో ఎనిమిదేళ్లు తలుపేసుకుని ఇంట్లో కూర్చుంటాడు, చివరికి ఊరిని వదిలేసి ఎక్కడో కేఫ్‌లో తేలతాడు. దీన్ని క్యారెక్టర్ గ్రాఫ్ అనాలా, దిగజారడం అనాలా అన్నావు. ఫ్యాక్షన్‌లో తండ్రిని పోగొట్టుకున్న కుర్రాడి మీద నువ్వు రాస్తున్న మూడు భాగాల కథకు హీరో గ్రాఫ్ ఎలా గీసుకోవాలని కూడా అడిగావు.

నేను పద్దెనిమిదేళ్లు హైదరాబాద్‌లో కథా చర్చల్లో కూర్చున్నవాణ్ణి. ఇప్పుడు కర్నూలులోనే ఉండి, షార్ట్ ఫిల్ములు తీసే పిల్లల స్క్రిప్టులు చూస్తున్నాను. ఈ మూడు సినిమాలను వాళ్లతో కూర్చుని సీను సీనుగా ఆపుతూ చాలాసార్లు చూశాను. అందుకని కొంచెం పొడుగ్గానే రాస్తాను.

ముందు నా మాట చెప్పేస్తాను. ఇది బలం పెరిగే గ్రాఫ్ కాదు. తండ్రి ప్రాణం పోతూ ఒక మాట చెప్పాడు. కొడుకు దాన్ని తప్పుగా అర్థం చేసుకున్నాడు. ఆ తప్పుతోనే ఒక ఊరిని కాపాడేంత ఎత్తుకు ఎదిగాడు, ఆ తప్పు వల్లే విరిగిపోయాడు, మూడో సినిమాలో గాని ఆ మాటకు అసలు అర్థం తెలుసుకోలేదు. ఆ మాట 'భయపడకు'.

'బ్యాట్‌మాన్ బిగిన్స్' 2005లో వచ్చింది. మొదట్లోనే చిన్న పిల్లాడు బ్రూస్, తన స్నేహితురాలు రేచల్‌తో తోటలో ఆడుకుంటూ పాత బావిలో పడిపోతాడు. లోపలి చీకట్లోంచి గబ్బిలాల గుంపు మీదికొస్తుంది. వాళ్ల నాన్న థామస్ వేన్ ఆ ఊరికే పెద్ద ఆస్తిపరుడు. పనివాణ్ణి దించకుండా తానే తాడు పట్టుకుని దిగి కొడుకును ఎత్తుకొస్తాడు. మనం పడేది లేవడం నేర్చుకోవడానికే అని చెబుతాడు. ఆ తాడును గుర్తుపెట్టుకో. మూడో సినిమా మాట వచ్చినప్పుడు మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

తర్వాత అందరూ ఒపెరాకు వెళ్తారు. స్టేజీ మీద గబ్బిలాల్లాంటి వేషాలు చూసి పిల్లాడికి బావి గుర్తొస్తుంది, వెళ్లిపోదాం అంటాడు. ఇక్కడ చాలామంది గమనించని చిన్న ముక్క ఒకటుంది. బయటికొచ్చాక తల్లి ఏమైందని అడిగితే, తండ్రి నేరం తన మీద వేసుకుంటాడు. నాకే గాలి ఆడలేదు, అందుకే వచ్చేశాం అన్నట్టు మాట్లాడతాడు. కొడుకు భయం బయటపడకుండా తన వెనక దాచుకున్నాడన్నమాట. ఇంకో నిమిషానికి ఆ సందులోనే జో చిల్ అనే దొంగ తుపాకీ పేలుస్తాడు, తల్లీ తండ్రీ ఇద్దరూ పోతారు. తండ్రి ఆఖరి ఊపిరితో కొడుకుతో అన్నది 'భయపడకు' అనే.

ఆ పిల్లాడి మనసులో లెక్క ఎలా పడిందో చూడు. నేను భయపడ్డాను, అందుకే బయటికి రమ్మన్నాను, అందుకే వాళ్లు చచ్చిపోయారు. కాబట్టి అమ్మానాన్నలను చంపింది నా భయమే. నాన్న కూడా పోతూ పోతూ భయపడొద్దనే చెప్పాడు. ఇక జన్మలో భయం అనేది ఉండకూడదు. ఒక తండ్రి ఆ మాట ఎందుకంటాడో మనకు తెలుసు. జ్వరంతో ఉన్న పిల్లాడి తల నిమురుతూ మనమూ అంటాం. నేనున్నాను, నీకేం కాదు అని దానర్థం. భయాన్ని నరికి పారేయమని కాదు. కొడుకు దాన్ని ఓదార్పుగా వినలేదు, ఆజ్ఞగా విన్నాడు. మూడు సినిమాలూ ఆ ఒక్క పొరపాటు మీద నిలబడ్డాయి.

నీ కథలో తండ్రిని చంపినవాడి మీద పగ ఉంది కాబట్టి తుపాకీ సీను గురించి కొంచెం ఆగి చెప్పాలి. పెద్దవాడైన బ్రూస్, జో చిల్‌ను శిక్ష ముగియకముందే విడిచిపెట్టే విచారణకు కోటులో తుపాకీ పెట్టుకుని వస్తాడు. మన సినిమాల్లో అయితే ఇది క్లైమాక్స్. రాయలసీమ నేపథ్యంగా ఎన్ని కథలు రాలేదు? తండ్రి శవం ముందు పిల్లాడు నిలబడతాడు, పెద్దయ్యాక వస్తాడు, పగ తీరుతుంది, శుభం కార్డు. నోలన్ కథలో ఇంకొకరు ముందుకొచ్చి చిల్‌ను కాల్చేస్తారు. ఫాల్కోనీ అనే మాఫియా నాయకుడు తన మీద సాక్ష్యం చెబుతున్నాడని వాణ్ణి చంపించాడు. బ్రూస్ చేతిలో తుపాకీ అలాగే ఉండిపోతుంది. పగ తీరలేదు, తీర్చుకునే దారి కూడా లేదు. కార్లో కూర్చుని ఈ సంగతి రేచల్‌కు చెబితే ఆమె చెంప మీద కొడుతుంది, మీ నాన్న ఉంటే నిన్ను చూసి సిగ్గుపడేవాడు అంటుంది. బ్రూస్ ఆ తుపాకీని తీసుకెళ్లి నీళ్లలో విసిరేస్తాడు.

కథా చర్చల్లో నేను ఈ సీనును చాలాసార్లు ఉదాహరణగా చెప్పాను. పగతో ఉన్న హీరోకు పగ తీరిస్తే కథ అక్కడే ఆగిపోతుంది. ఆ పగను చేతికందనీయకుండా చేస్తే ఆ ఖాళీలో ఏదో ఒకటి పుట్టాలి. బ్రూస్‌లో పుట్టింది బ్యాట్‌మాన్. పగకు మనిషి దొరకనప్పుడు అది మొత్తం నేరం మీదికి తిరిగింది. మన పల్లెల్లో తరతరాలుగా నడిచిన కక్షల గురించి నీకు నేను చెప్పక్కర్లేదు. అక్కడ పగ ఒక మనిషి నుంచి ఒక వంశానికి పాకుతుంది. ఇక్కడ వంశం మీదికి పాకకుండా ఒక నియమంగా మారింది. తుపాకీ పట్టను, ప్రాణం తీయను అని.

ఆ తర్వాత ఏడేళ్లు దేశాలు తిరగడం, భూటాన్‌లో జైలు, మంచు కొండల మీద డ్యూకార్డ్ అనే గురువు దగ్గర శిక్షణ. అక్కడ నేర్పేది కూడా భయం గురించే. నీ భయాన్ని జయించు, దాన్నే శత్రువు మీదికి తిప్పు అంటారు. చివరి పరీక్షగా ఒక నేరస్థుడి తల నరకమంటే మాత్రం బ్రూస్ ఒప్పుకోడు. ఆ గురువులు చెప్పిందంతా విన్నాడు, ఆ ఒక్కటి వినలేదు. తన ఊరు గోథమ్‌కు తిరిగొచ్చి, చిన్నప్పుడు పడిన ఆ బావి కింది గుహలోకి మళ్లీ దిగి, వేల గబ్బిలాలు చుట్టూ తిరుగుతుంటే కళ్లు మూసుకోకుండా నిటారుగా నిలబడతాడు. గబ్బిలాన్ని మన దగ్గర అపశకునం అంటారు, ఇంట్లోకి వస్తే కీడని తరుముతారు. అలాంటి గబ్బిలాన్నే జాషువా గారు శివుడి దగ్గరికి దూతగా పంపారు. జనం ఛీ అన్న ప్రాణిని ఎంచుకోవడంలో ఎంత బలముందో మనకు 1941లోనే తెలుసు. బ్రూస్ చేసిందీ అదే. తనను వణికించినదాన్నే ఒంటికి తొడుక్కున్నాడు.

మొదటి సినిమా చివర్లో రేచల్ అతని ముఖం తాకి, ఇదే నీ ముసుగు, నేరస్థులు భయపడే ఆ ముఖమే నీ అసలు ముఖం అంటుంది. ప్రేక్షకులు దాన్ని పొగడ్తగా తీసుకుంటారు. నాకైతే అది డాక్టరు రిపోర్టులా వినిపిస్తుంది. బ్రూస్ అనే మనిషి అప్పటికే సగం లేడు. గ్రాఫ్ పైకి పోతున్నట్టు కనిపించే చోటే లోపల ఒకటి కిందికి పోవడం మొదలైంది. నువ్వు మొదటి సినిమాలో 'ఎదిగాడు' అన్నావే, ఆ ఎదుగుదల మొత్తం బ్యాట్‌మాన్‌ది. బ్రూస్ ఆ సందులోనే ఆగిపోయాడు.

2008లో వచ్చిన 'ది డార్క్ నైట్' అనగానే అందరూ విలన్ జోకర్ గురించే మాట్లాడతారు. ఆ పాత్ర వేసిన హీత్ లెడ్జర్‌కు చనిపోయిన తర్వాత ఆస్కార్ వచ్చింది, ఆ నటన అలాంటిది. మన విషయం హీరో గ్రాఫ్ కాబట్టి జోకర్‌ను కాసేపు పక్కన పెడదాం.

ఈ సినిమాలో బ్రూస్‌కు ఒక్కటే కోరిక. ఈ పని ఇంకెవరికైనా అప్పగించి మామూలు మనిషిలా బతకాలి, రేచల్‌తో ఉండాలి. ఆ 'ఇంకెవరైనా' అతనికి హార్వే డెంట్ రూపంలో దొరికాడు. ముసుగు లేకుండా పగటి వెలుతుర్లో, కోర్టులో నేరంతో పోరాడే మనిషి. నువ్వు మూడో సినిమా ముగింపులో 'ఊరిని వదిలేశాడు' అని బాధపడ్డావు. వదిలేయాలన్న కోరిక రెండో సినిమాలోనే ఉంది, దాచిపెట్టకుండా చెప్పారు కూడా. అప్పుడు కుదరలేదు, అంతే.

ఎందుకు కుదరలేదంటే, జోకర్‌కు ప్రాణం మీద తీపి లేదు. భయపెట్టడమే ఆయుధంగా ఉన్న హీరో ముందు భయమే లేని మనిషిని నిలబెట్టారు. పోలీస్ స్టేషన్లో జోకర్‌ను బ్యాట్‌మాన్ ఎంత కొట్టినా వాడు నవ్వుతాడు. నీ బలమంతా నా మీద పనికిరాదు అంటాడు. మొదటి సినిమాలో బ్రూస్ కష్టపడి సంపాదించిన ఆస్తి భయం. అది ఇక్కడ చెల్లని నోటు అయిపోయింది. సీక్వెల్ రాసేవాళ్లు విలన్‌ను ఇంకా బలవంతుణ్ణి చేస్తే చాలనుకుంటారు. బలం పెంచితే ఫైట్ పెద్దదవుతుంది, అంతకు మించి ఒరిగేదేమీ లేదు. హీరో నమ్మకం ఏదో, సరిగ్గా అది పనిచేయని మనిషిని తేవాలి.

ఆ సినిమా మొత్తంలో హీరోను అర్థం చేసుకోవడానికి నేను చూపించే సీను ఒకటే. నడిరోడ్డు మీద జోకర్ నిలబడి, రా, గుద్దు, అని పిలుస్తుంటాడు. బ్యాట్‌మాన్ బైక్ మీద సూటిగా వాడి మీదికి వస్తాడు. అంత వేగంలో గుద్దితే పని అయిపోతుంది, చూసేవాళ్లందరూ కూడా అదే కోరుకుంటారు. ఆఖరి క్షణంలో పక్కకు తిప్పి తానే పల్టీ కొట్టి పడిపోతాడు. మాటకు కట్టుబడి ఉండటానికి ఎంత ఖర్చవుతుందో ఆ పడిన శబ్దంలో వినిపిస్తుంది. ఆ తర్వాత రేచల్ పోతుంది, డెంట్ ముఖం సగం కాలి మనసు మొత్తం కాలిపోతుంది, పగతో హత్యలకు దిగుతాడు.

ఇంతటి నియమం ఉన్న మనిషి ఊళ్లో అందరి ఫోన్లనూ చెవులుగా మార్చి నిఘా పెట్టే యంత్రం తయారు చేస్తాడు. వేన్ కంపెనీలో అతనికి యంత్రాలు సమకూర్చే లూషియస్ ఫాక్స్ ఇది ఒక్క మనిషి చేతిలో ఉండకూడదు అంటాడు. బ్రూస్‌కూ ఆ సంగతి తెలుసు, అందుకే దాని తాళం ఫాక్స్ చేతికిచ్చి, పని ముగిశాక అది నాశనమయ్యేలా ముందే ఏర్పాటు చేస్తాడు. చివర్లో పోలీసు అధికారి గోర్డన్ కొడుకును కాపాడబోయి డెంట్‌ను తోసేస్తే వాడు పడి చనిపోతాడు. ప్రాణం తీయను అన్న నియమం అలా పోయింది. డెంట్ చేసిన హత్యలను బ్యాట్‌మాన్ తన మీద వేసుకుని కుక్కలు తరుముతుంటే పరుగెత్తుతాడు. ఒపెరా బయట తండ్రి చేసింది గుర్తుందా? ఎవరి పరువో కాపాడటానికి నేరం తన మీద వేసుకోవడం. కొడుకు నాన్న చేసిన పనే చేశాడు. కాకపోతే తండ్రి దాచింది పిల్లాడి భయం, కొడుకు దాచింది ఒక అబద్ధం.

ఇదే కాక ఇంకో అబద్ధం కూడా ఉంది. రేచల్ చనిపోయే ముందు, తాను హార్వేనే పెళ్లి చేసుకుంటానని బ్రూస్‌కు ఉత్తరం రాసి, అతన్ని చిన్నప్పటి నుంచి పెంచిన ఇంటి బట్లర్ ఆల్ఫ్రెడ్ చేతికిచ్చింది. ఆల్ఫ్రెడ్ ఆ ఉత్తరాన్ని కాల్చేస్తాడు. తనను ప్రేమించే అమ్మాయి తన వల్ల పోయిందనే బ్రూస్ నమ్ముతాడు. ఇప్పుడు నువ్వడిగిన ఎనిమిదేళ్లకు జవాబు దొరికింది కదా. 2012 నాటి 'ది డార్క్ నైట్ రైజెస్' మొదలయ్యేసరికి ఊరు డెంట్ గురించిన అబద్ధం మీద ప్రశాంతంగా ఉంది, బ్రూస్ రేచల్ గురించిన అబద్ధం మీద ఇంట్లో కూర్చుని ఉన్నాడు. అతని మోకాళ్లలో గుజ్జు లేదని డాక్టరు చెబుతాడు, చేతికర్ర పట్టుకుని నడుస్తాడు. ఆ ఎనిమిదేళ్లు సోమరితనం కాదు. రాని మనిషి కోసం ఎదురుచూడటం అది.

మన ఊళ్లలో అలాంటి మనుషులు ఉంటారు. కొడుకు పోయిన తర్వాత అరుగు మీద కూర్చుని ఎవరితోనూ మాట్లాడని పెద్దాయనను చూసే ఉంటావు. ఆయనకు చావంటే భయం లేదు, అన్నం పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. ఊరంతా ఆయన గుండె ధైర్యం గురించి చెప్పుకుంటుంది. అది ధైర్యం కాదు, బతుకు మీద పట్టు వదిలేయడం. ఆల్ఫ్రెడ్ ఒక్కడికే ఆ తేడా తెలుసు. అందుకే ఏడుస్తాడు, ఉత్తరం సంగతి చెప్పేస్తాడు, ఇంట్లోంచి వెళ్లిపోతాడు. బ్యాట్‌మాన్ మళ్లీ ముసుగు వేసుకున్నప్పుడు హాల్లో ఈలలు పడతాయి. ఆల్ఫ్రెడ్‌కు మాత్రం ఈ పిల్లాడు చావడానికి బయల్దేరుతున్నాడని కనిపిస్తుంది.

గోథమ్‌ను గుప్పిట్లో పెట్టుకునే విలన్ బేన్ చేతిలో బ్రూస్ వెన్ను విరుగుతుంది. భూమిలోకి బావిలా తవ్విన ఒక జైల్లో పడేస్తారు. పైన గుండ్రంగా ఆకాశం కనిపిస్తుంది. (ఆ జైలు బయటి భాగాన్ని మన జోధ్‌పూర్‌లోనే తీశారు. అతను పైకి వచ్చేటప్పుడు దూరంగా కనిపించేది మెహ్రాన్‌గఢ్ కోట.) మొదటి సినిమాలోని బావే ఇది, కాకపోతే ఈసారి తాడు పట్టుకుని దిగే నాన్న లేడు. నడుముకు తాడు కట్టుకుని గోడ ఎక్కుతాడు, చివర్లో దూకాల్సిన చోట పడిపోతాడు, తాడు ఆపుతుంది, గోడకు కొట్టుకుంటాడు. మళ్లీ ఎక్కుతాడు, మళ్లీ అంతే. అప్పుడు చూపు పోయిన ఒక ముసలి ఖైదీ చెబుతాడు: నీకు చావంటే భయం లేదు, అది నీ బలం అనుకుంటున్నావు, అదే నీ బలహీనత. చావు భయం లేనివాడు శక్తికి మించి ఎలా దూకుతాడు? ఇంతకు ముందు ఇక్కడి నుంచి బయటపడిన ఆ ఒక్క పిల్ల ఎక్కినట్టు ఎక్కు, తాడు లేకుండా.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. మా ఊరు కర్నూలు జిల్లాలోనే, నల్లరేగడి నేలలు. నాకు ఎనిమిదేళ్లప్పుడు మా చిన్నాయన చేని బావిలో ఈత నేర్పించాడు. నడుముకు చేంతాడు కట్టి, రెండో కొస తన చేతికి చుట్టుకుని గట్టు మీద కూర్చునేవాడు. పది రోజులు దూకాను. చేతులూ కాళ్లూ ఆడించేవాణ్ణి, మునుగుతున్నాను అనిపించగానే ఒళ్లు వదిలేసేవాణ్ణి, తాడు బిగుసుకుని పైకి లాగేది. పదకొండో రోజు ఆయన తాడు విప్పి మడిచి చంకలో పెట్టుకున్నాడు. దూకు అన్నాడు. నాకు ఆ బావి గోడ రాళ్లు ఇప్పటికీ కళ్లకు కడతాయి, పచ్చటి పాచి, ఒక రాయి సందులో పిట్ట గూడు. చాలాసేపు నిలబడ్డాను. దూకాక నీళ్లు ముక్కులోకి పోయాయి, ఒళ్లు వదిలేయాలనిపించింది, వదిలితే లాగే తాడు లేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఒక్క భయం నా కాళ్లు తన్నించింది. మెట్టు పట్టుకున్నాక వెనక్కి చూస్తే చిన్నాయన సగం దూకబోతూ ఆగి ఉన్నాడు, తువ్వాలు భుజం మీంచి జారి నీళ్లలో పడింది. ఆ బావిలో ఇప్పుడు చుక్క నీరు లేదు, చుట్టూ బోర్లు వేశాక ఎండిపోయింది.

2012లో హైదరాబాద్ హాల్లో ఆ సీను చూస్తున్నప్పుడు నా పక్కనున్నవాళ్లు హీరో ఎక్కుతాడా అని చూస్తున్నారు. నేను నడుము తడుముకున్నాను. తాడు ఉన్నంతసేపూ బ్రూస్ సగం మనసుతో దూకాడు. పడినా పోయేదేమీ లేదు, బతికినా వచ్చేదేమీ లేదు. తాడు తీసేసి ఆ అంచు మీద నిలబడినప్పుడు అతని ముఖం చూడు. బ్రూస్‌గా వేసిన క్రిస్టియన్ బేల్ మూడు సినిమాల్లో మొదటిసారి చిన్నప్పటి ఆ పిల్లాడిలా భయపడతాడు. ఆ క్షణంలోనే గోడ సందులోంచి గబ్బిలాలు లేస్తాయి. బావిలో పడినప్పుడు వచ్చినట్టే. 'భయపడకు' అన్న మాటను ఇన్నేళ్లూ మోసినవాడు, భయం అనేది బతకాలన్న ఆశకు ఇంకో పేరని తెలుసుకుని దూకుతాడు, అందుకుంటాడు.

నువ్వు దిగజారడం అన్నది నాకైతే ఎక్కడా కనిపించలేదు. పైకి వచ్చాక అతను చేసే మొదటి పని, లోపలున్న మిగతా ఖైదీల కోసం తాడు కిందికి వదలడం. అర నిమిషం కూడా లేని షాటు. మొదటి సినిమాలో తండ్రి దిగిన తాడుకు జవాబు అది. కొడుకు తండ్రి అయ్యాడు. సినిమా చివర్లో కుర్ర పోలీసు బ్లేక్‌కు ఒక సంచి దొరుకుతుంది, అందులోనూ తాళ్లే. ఆ తాడు పట్టుకునే అతను జలపాతం వెనక గుహలోకి వెళ్తాడు. ఒక కుటుంబంలో తండ్రి నుంచి కొడుక్కి పోయే వస్తువు ఇక్కడ రక్తసంబంధం లేని అనాథ చేతికి పోయింది. వేన్ ఇల్లు కూడా అనాథ పిల్లలకే ఇచ్చేస్తాడు.

ఊరిని పేల్చేసే బాంబును విమానంతో దూరంగా తీసుకెళ్లే ముందు గోర్డన్‌తో బ్రూస్ అన్న మాటల వల్లే నేను ఈ మూడింటినీ ఒకే కథ అంటాను. కాపాడిన హీరో ఎవరో జనానికి తెలియొద్దా అని గోర్డన్ అడిగితే పేరు చెప్పడు. ఒక చిన్న పిల్లాడి భుజాల మీద కోటు కప్పి, లోకం ఇంకా అయిపోలేదని తెలియజేసినవాడు కూడా హీరోనే అంటాడు. అమ్మానాన్నలు పోయిన రాత్రి పోలీస్ స్టేషన్లో ఆ కోటు కప్పింది గోర్డనే. నాకు ఇది వినగానే 2009 అక్టోబర్ 2 గుర్తొచ్చింది. తుంగభద్ర కర్నూలును ముంచిన రోజు. మా అక్కావాళ్లు పాతబస్తీలో మిద్దె ఎక్కి ఆ రాత్రంతా తడుస్తూ గడిపారు. మేనల్లుడికి అప్పుడు ఏడేళ్లు. నీళ్లు తీసిన తర్వాత వాళ్లు తలదాచుకున్న చోట, ఎవరో తెలియని మనిషి తన భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి వాడికి చుట్టి, బిస్కెట్లు కొనుక్కోమని చేతిలో పది రూపాయలు పెట్టి వెళ్లిపోయాడట. ఆ పిల్లాడు ఇప్పుడు ఇంజనీరు. ఆ రోజు గురించి అడిగితే నీళ్ల ఎత్తు చెప్పలేడు గాని తువ్వాలు రంగు చెబుతాడు. గోర్డన్ కోటు సీనును నేను వాడితో కలిసే చూశాను. సీను అయిపోయాక కాసేపు మాట్లాడలేదు.

ఇక కేఫ్ సంగతి. ఆల్ఫ్రెడ్ మూడో సినిమా మొదట్లోనే తన ఆశ చెప్పుకుంటాడు. బ్రూస్ దేశాలు పట్టిపోయిన ఏడేళ్లూ, ఏటా ఫ్లోరెన్స్‌లో నది ఒడ్డున కేఫ్‌లో కూర్చుని, ఎదుటి టేబుల్ దగ్గర ఈ పిల్లాడు పెళ్లాం పిల్లలతో కనిపిస్తాడేమో అని చూసేవాణ్ణి అంటాడు. పలకరించుకోం, బాగున్నాడని నాకు తెలిస్తే చాలు అంటాడు. కన్నతండ్రి అడగని కోరిక పెంచినవాడు అడిగాడు. చివర్లో బ్రూస్ దాన్ని తీర్చాడు. అందరూ చచ్చిపోయాడనుకునే బ్యాట్‌మాన్ విగ్రహం ఊళ్లో నిలబడింది, మనిషి టేబుల్ దగ్గర కూర్చుని తల ఊపాడు. విమానానికి ఆటోపైలట్ ఆరు నెలల ముందే బ్రూస్ బాగు చేశాడని ఫాక్స్‌కు తర్వాత తెలుస్తుంది. అంటే బావిలో పడకముందే తలుపు గడియ తీసిపెట్టుకున్నాడు. దాటాలన్న మనసు మాత్రం ఆ బావి ఎక్కాకే వచ్చిందని నేను అనుకుంటాను.

మూడో సినిమాలో లోపాలు లేవని నేను అనను. విరిగిన వెన్ను సరిచేసిన తీరు నమ్మబుద్ధి కాదు. జేబులో రూపాయి లేకుండా ఆ ఎడారి నుంచి దిగ్బంధంలో ఉన్న గోథమ్‌లోకి ఎలా వచ్చాడో చూపించలేదు. మిరాండా అనే ఆమెతో ప్రేమ తొందరపాటు, ఆమె అసలు ఎవరో బయటపడే మలుపు కథకు పనికొచ్చింది గాని హీరోకు ఏమీ జోడించలేదు. నా దృష్టిలో మూడింటిలో బాగా కట్టిన సినిమా రెండోది, హీరో గ్రాఫ్‌కు మాత్రం మూడోదే ముఖ్యం.

ఇప్పుడు నీ కథ. మూడు భాగాలకూ మూడు గ్రాఫులు గీయకు, ఒకే తప్పు ఎంచుకో. నీ హీరో తండ్రి పోతున్నప్పుడు ఆ పిల్లాడు ఏదో ఒకటి విని ఉండాలి, లేదా చూసి ఉండాలి, దాన్ని తప్పుగా అర్థం చేసుకుని ఉండాలి. మొదటి భాగంలో ఆ తప్పు అతన్ని గెలిపించాలి. గెలిపించకపోతే దాన్ని పట్టుకుని వేలాడటానికి కారణం ఉండదు. రెండో భాగంలో ఆ తప్పు పనిచేయని మనిషిని ఎదురుగా పెట్టు. వాడు బలవంతుడు కానక్కర్లేదు. పగ తీరిన వెంటనే ఇంటికి పోయి నిద్రపోయే ఒక మామూలు మనిషి కూడా నీ హీరోను విరిచేయగలడు. మూడో భాగంలో ఆ తప్పు లేకుండా ఒక్క పని చేయించు, ఒక్కటే, అదీ చిన్నది. రెండో భాగం చివర ఎలివేషన్ షాటు కోసం వెతుకుతున్నానని రాశావు, దాన్ని ఇప్పటికి వదిలేయ్. తండ్రి పోయిన రాత్రి ఆ పిల్లాడి భుజం మీద ఎవరు ఏం కప్పారో, లేదా ఎవరూ ఏమీ కప్పలేదో, ముందు ఆ సీను ఒక పేజీ రాసి ఇక్కడే పెట్టు. అది చదివాక మిగతాది మాట్లాడుకుందాం.